పాట్రిక్ రస్సెల్

పాట్రిక్ రస్సెల్ (ఫిబ్రవరి 6, 1726 - జూలై 2, 1805) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. ఇతడు 1782 నుండి 1789 వరకు విశాఖపట్నంలో నివసించి కోరమాండల్ తీరపు పాములను, చేపలను, మొక్కలను పరిశీలించాడు. భారతదేశపు సర్పశాస్త్రానికి ఆద్యుడిగా ఇతడిని పేర్కొంటారు. రక్తపింజరి పామునకు ఆంగ్లములో ఇతడి పేరే నిలిచియున్నది. అయితే తెలుగువారికి ఇతడు చేసిన మరొక గొప్ప పని అంతగా ప్రచారానికి రాలేదు. విశాఖపట్నం వద్ద లభించిన రెండు వందల చేపలను బొమ్మలు గీయించి, వాటి క్రింద జాలరులు పిలిచే తెలుగు పేర్లనే శీర్షికలుగా వేసి, 1803లో లండనులో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఆ పేర్లలో కొన్ని లాటిన్ రూపం ధరించి నేటికీ ప్రపంచమంతటా శాస్త్రీయ నామాలుగా చెలామణిలో ఉన్నాయి.

బాల్యము, విద్య

రస్సెల్ ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాద వృత్తిలో ఉండేవాడు. కుటుంబం పెద్దది. సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ వైద్యుడై, తూర్పు మధ్యధరా ప్రాంతంలో వర్తకం చేసే లెవాంట్ కంపెనీ కొలువులో సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్ళాడు. పాట్రిక్ కూడా ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యము చదివి 1750లో పట్టా పొందాడు. ఆ వెంటనే అన్న ఉన్న చోటికే ప్రయాణమయ్యాడు.

అలెప్పోలో

1753లో అలెగ్జాండర్ స్వదేశానికి తిరిగి వెళ్ళగా, అక్కడి ఆంగ్ల వర్తకులకు వైద్యుడిగా పాట్రిక్ నియమితుడయ్యాడు. దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే గడిపాడు. స్థానిక పాలకుడైన పాషా ఇతడిపై గౌరవంతో తలపాగా ధరించే హక్కునిచ్చాడు. అక్కడ పరదేశీయులకు అది అరుదైన మన్నన.

1760 నుండి 1762 వరకు అలెప్పోను ప్లేగు పట్టి పీడించింది. రస్సెల్ నగరంలోనే ఉండి వ్యాధి లక్షణాలను, అది వ్యాపించే తీరును వివరంగా వ్రాసిపెట్టుకున్నాడు. 1759లో సిరియాలో వచ్చిన భూకంపాలను గురించి, అరబ్బు దేశాలలో మశూచికి టీకా వేసే పద్ధతిని గురించి కూడా లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసాలు పంపాడు. ఈ రెండవ వ్యాసంలో ఇతడి స్వభావం కొంత కనబడుతుంది. టీకా పద్ధతి ఐరోపావారికి కొత్తగా తోచినా, అరబ్బులలో అది తరతరాల ఆచారమని సామాన్య జనాన్ని అడిగి తెలుసుకున్నాడు. స్థానికులను అడిగి, వారి మాటను వారి మాటగానే వ్రాసే ఈ అలవాటు తరువాత విశాఖపట్నంలో చాలా ఉపయోగపడింది.

1771లో అలెప్పో విడిచి, దారిలో ఇటలీ, ఫ్రాన్సు దేశాల రేవులలో ప్లేగు అనుమానితులను నిలిపి ఉంచే గృహాలను చూచుకుంటూ స్వదేశం చేరుకున్నాడు. లండనులో వైద్యవృత్తి చేపట్టాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

విశాఖపట్నం రాక

రస్సెల్ భారతదేశానికి రావడం కొలువు కోసం కాదు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నం వ్యవహారాలకు అధిపతిగా ఉండేవాడు. క్లాడ్ ఆరోగ్యము సరిగా లేనందున వైద్యుడైన అన్న తోడుగా బయలుదేరాడు. 1781లో ఇంగ్లాండు విడిచి మరుసటి ఏడు విశాఖపట్నం చేరుకున్నాడు. అప్పటికి ఇతడి వయస్సు యాభై ఆరు. ఆ వయస్సులో చాలామంది ఆంగ్లేయులు ఇంటి ముఖం పట్టేవారు.

అప్పటి విశాఖపట్నం ఒక చిన్న రేవు. కోట, కంపెనీ గిడ్డంగులు, బట్టల వర్తకం, ఒడ్డున జాలరి పల్లెలు ఉండేవి. తీరంలో దక్షిణాన కాకినాడ దాపున సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే మరొక స్కాట్లాండు వైద్యుడు మొక్కల తోట పెంచుతున్నాడు. మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న యోహాన్ కోనిగ్ ప్రసిద్ధ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. ఈ ముగ్గురూ ఒకే తీరంలో, ఒకే కాలంలో పనిచేయడం తెలుగు దేశపు వృక్ష జంతు శాస్త్రాలకు కలిసివచ్చింది. 1785 జూన్‌లో కోనిగ్ కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. ఆ పదవి రస్సెల్‌కు లభించింది.

పదవి చేపట్టిన వెంటనే, ఈ తీరంలోని ఉపయోగకరమైన మొక్కలకు బొమ్మలతో సహా ఒక గ్రంథం వెలువరించాలని కంపెనీకి ప్రతిపాదించాడు. అదే తరువాత రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుండి వెలువడింది. దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెల్.

పాములపై పరిశోధన

కంపెనీ ఉద్యోగులకు, సిపాయిలకు, గ్రామస్థులకు పాముకాటు నిత్యభయం. కనిపించిన ప్రతి పామునూ విషసర్పమేనని భావించి, కరిచిన ప్రతివాడికీ మందులు మింగించేవారు. విషములేని పాము కరిచినవాడు బ్రతికితే ఆ కీర్తి మందుకు దక్కేది. ఈ చిక్కు విప్పాలంటే ముందు ఏ పాము విషసర్పమో, ఏది కాదో తేల్చాలని రస్సెల్ గ్రహించాడు. రంగు, చారలు, తల ఆకారం వంటి పైలక్షణాలను నమ్మలేమనీ, నోటిలోని విషపు కోరలను పరీక్షించడమే సరియైన మార్గమనీ తేల్చాడు. కుక్కలపై, కోళ్ళపై ప్రయోగాలు చేశాడు. ఈనాటి దృష్టికి అవి క్రూరంగా కనిపిస్తాయి. కానీ సంగ్రహించిన పాములలో నిజమైన విషసర్పాలు కొన్నే అన్న విషయం వాటి వల్లనే రూఢి అయ్యింది. పాముకాటుకు దివ్యౌషధంగా ఆ రోజుల్లో పేరుపొందిన తంజావూరు మాత్రలను కూడా పరీక్షించాడు. అందులో పాషాణం ఉండేది.

ఇతడు వర్ణించిన పాములలో ముఖ్యమైనది జనం కాటుక రేకుల పొడ అని పిలిచేది. ఒంటిపై కాటుక దిద్దిన రేకుల వంటి మచ్చలుండడం చేత ఆ పేరు వచ్చింది. ప్రాణాపాయంలో దానిని త్రాచు తరువాతి స్థానంలో నిలిపాడు. 1797లో షా, నాడర్‌లు దానికి శాస్త్రీయ నామం పెట్టినపుడు రస్సెల్ పేరు చేర్చారు. నేటి శాస్త్రీయ నామం డబోయియా రస్సెల్లీ. మరొకటి పసుపు, నలుపు పట్టెలున్న బంగారు పాము. రస్సెల్ పుస్తకంలో దీనిని ఆ తెలుగు పేరుతోనే వేశాడు. ఆ మాట నుండే 1803లో దౌదిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ప్రపంచంలోని కట్లపాములన్నింటికీ ఇంటిపేరుగా ఒక తెలుగు మాట నిలిచిపోయింది.

చేపల గ్రంథము

పాములపై పని ప్రభుత్వ అవసరం. చేపలపై పని చాలావరకు స్వంత కుతూహలం. అయినా శాస్త్రానికి ఎక్కువకాలం ఉపయోగపడినది రెండవదే అనవచ్చును.

నీటి నుండి తీసిన చేప రంగు గంటల్లో మాసిపోతుంది. కానాగంత వీపుపై మెరిసే ఆకుపచ్చ నీలం కలిసిన చారలు ఒడ్డుకు వచ్చి ఎండ తగలగానే వెలవెలబోతాయి. సారాయిలో నిలవచేసి ఓడపై ఆరేడు నెలలు ప్రయాణించి ఐరోపా చేరిన చేపకు రంగు మిగలదు, ఆకారమూ వంకర తిరుగుతుంది. ఆ రోజుల్లో ఐరోపా పండితులు తూర్పు సముద్రాల చేపలను ఇటువంటి నమూనాలను చూచే వర్ణించేవారు. రస్సెల్ ఒడ్డునే ఉండి, వలలోంచి వచ్చిన చేపను వచ్చినట్లే స్థానిక చిత్రకారునిచే చిత్రింపజేశాడు. ప్రక్కన పొడవు, రెక్కలలోని ముళ్ళ సంఖ్య, పొలుసులు, పళ్ళ అమరిక వ్రాసుకున్నాడు. తరువాత అసలు సంగతి: ఆ చేపను తెచ్చినవారు దానిని ఏమని పిలుస్తారో అడిగి, ఆంగ్ల లిపిలో విన్నది విన్నట్లు వ్రాశాడు.

అలా వ్రాసిన పేర్లను తిరిగి తెలుగులోనికి తెచ్చుకోవడం ఒక సరదా అయిన పని. రస్సెల్ వకారాన్ని, పదాంతపు స్వరాలను ఆంగ్లేయుల చెవితో విన్నాడు. నాల సండావా అన్నది నల్ల చందువ. తెల్ల సండావా తెల్ల చందువ. పండూమెనూ అన్నది పండుమీను, నేడు ఎక్కువమంది పండుగప్ప అంటున్నారు. కోనామ్ కోనెం. వింగెరామ్ వంజరం. సొర్రా అని ముగిసేవన్నీ సొరచేపలు, జెల్లా అని ముగిసేవి జెల్లలు, తెంకీ అని ముగిసేవి టెంకి చేపలు. ముట్టుకుంటే చేయి తిమ్మిరెక్కించే చేపను తెమెరీ అని వ్రాశాడు. ఈ విధంగా చూస్తే ఆ పుస్తకం చేపల గ్రంథమే కాక, పద్దెనిమిదవ శతాబ్దపు ఉత్తరాంధ్ర జాలరుల వాడుక పదకోశం కూడా. నిఘంటుకారులు రేవులకు వెళ్ళి పదాలు సేకరించడం తెలుగులో చాలా కాలం తరువాత గాని మొదలు కాలేదు.

జాలరులు పేర్లు పెట్టే పద్ధతి కూడా ఇందులో గమనించదగ్గది. జెల్ల, సొర, టెంకి అనేవి గుంపు పేర్లు. ముందు చేర్చే నల్ల, తెల్ల, పెద్ద, మాగ వంటి మాటలు ఆ గుంపులోని రకాన్ని విడదీస్తాయి. లిన్నేయస్ రెండు మాటల పేర్లలో మొదటిది ప్రజాతికి, రెండవది జాతికి చెందినట్లే ఇక్కడా రెండు అంచెలున్నాయి, వరుస మాత్రం తిరగబడింది. అయితే రస్సెల్ తన చేపలకు లాటిన్‌లో రెండు మాటల పేర్లు పెట్టలేదు. శాస్త్ర నియమాల ప్రకారం అటువంటి పేరు పెట్టనివాడికి నామకర్తృత్వం దక్కదు. అందుచేత ఆ బొమ్మలను చూచి పేర్లు పెట్టిన ఇతరుల పేర్లే శాస్త్రంలో నిలిచాయి. చేపలు పట్టినవారు, బొమ్మ గీసినవాడు ఈ లెక్కలో ఎక్కడా లేరు. రస్సెల్ తెలుగు పేరును ముందు వేయకపోయి ఉంటే వారి మాట కూడా మిగిలేది కాదు.

శాస్త్రంలో తెలుగు పేర్లు

గ్రంథం వెలువడిన మరుసటి ఏడే, 1804లో, లండనులో జార్జి షా తన జంతుశాస్త్ర గ్రంథంలో రస్సెల్ చేపలు కొన్నింటికి లాటిన్ పేర్లు పెట్టాడు. రస్సెల్ మాగ జెల్లీ అని వ్రాసిన చేప నేడు నాలుగు పోగుల మాగగా శాస్త్రవేత్తలకు తెలిసినది. అయితే తెలుగు పేర్లకు మేలు చేసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జి క్యువియే. అతడు ఆ బొమ్మలను నమ్మి, తెలుగు మాటలనే లాటిన్ రెండవ పదంగా నిలిపాడు.

వీటిలో ప్రసిద్ధమైనది కానాగంత. రస్సెల్ దీనిని కనగుర్త అని వ్రాశాడు. క్యువియే 1816లో ఆ మాటనే తీసుకున్నాడు. నేటి పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఎర్ర సముద్రం నుండి పసిఫిక్ దీవుల వరకు ఈ చేపను పట్టే దేశాలన్నింటి మత్స్యశాఖ లెక్కలలో, విశాఖపట్నం తెప్పలపై పలికిన మాట ఉన్నది. రస్సెల్ బొమ్మే ఆధారం కావడం చేత ఆ జాతికి మూలస్థానం విశాఖపట్నమే.

కీలీ అన్న చేప 1829లో క్యువియే చేతిలో కెలీ అయి, నేడు హిల్సా కెలీగా ఉన్నది. తర్తూర్ అన్నది టార్డూరేగా మారింది. తలబోన్ అన్న పాము వంటి పొడవాటి చేప కాంగ్రెసాక్స్ తలబాన్ అయ్యింది. గొరకను గౌరాకా అని వ్రాయగా అది పొమాడసిస్ గౌరాకా అయ్యింది. కున్నెసీ అనే బొంత రకపు చేపకు 1836లో వాలెన్సియెన్ కున్నెసియస్ అని పేరు పెట్టాడు. డిచోయీ నుండి 1847లో డిచెలా పుట్టింది. మంచినీటి చేప వాలుగ ఏకంగా ప్రజాతికే పేరయ్యింది. 1851లో డచ్చి శాస్త్రవేత్త బ్లీకర్ దాని ప్రజాతిని వల్లాగో అన్నాడు.

ఈ అదృష్టం పులసకు తప్పిపోయింది. రస్సెల్ దీనిని పలాసా అని వేశాడు. 1829లో క్యువియే క్లూపియా పలాసా అని నామకరణం చేశాడు. కానీ అంతకు ముందే, 1822లో, బెంగాలులో గంగానది చేపలను పరిశీలించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అదే చేపకు బెంగాలీ మాట నుండి ఇలీషా అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుకే చెల్లుబాటు అన్న నియమం ప్రకారం పలాసా పర్యాయ నామంగా మిగిలిపోయింది. గోదావరికి ఎర్రనీరు వచ్చినపుడు ఎదురీదే పులస కోసం ఎంత ధరైనా ఇచ్చే తెలుగువారికి ఈ ఏడేళ్ళ తేడా కొంచెం బాధ కలిగించవచ్చును.

1875 నుండి 1878 వరకు భాగాలుగా వెలువడిన భారతదేశపు చేపల గ్రంథంలో, మద్రాసు సైన్యపు వైద్యుడైన ఫ్రాన్సిస్ డే రస్సెల్ బొమ్మలను ఒక్కొక్కటిగా సరిచూచి, ఏది ఏ జాతియో వ్రాశాడు. తెలుగు, తమిళ పేర్లను చేర్చే పద్ధతిని కూడా కొనసాగించాడు.

ప్రాచీన స్థలాలలో చేపల అవశేషములు

రస్సెల్ కాలానికి పురావస్తు శాస్త్రం ఇంకా పుట్టలేదు. అయినా ఇటువంటి గ్రంథాల అవసరం నేడు ఆ శాస్త్రంలోనూ కనిపిస్తుంది. పూర్వకాలపు మనుష్యులు ఏ చేపలు తిన్నారు, ఎంత దూరం వెళ్ళి పట్టారు, ఎండబెట్టి వర్తకం చేశారా అన్న ప్రశ్నలకు జవాబు వారి చెత్తకుప్పలలోని ఎముకలలో ఉంటుంది. ఎముకకు పేరు పెట్టాలంటే ఆ తీరంలో ఏయే చేపలున్నాయో ముందు తెలియాలి.

ఉదాహరణకు నెల్లూరు తీరంలో, పెన్నా నది ఉత్తరపు గట్టున ఉన్న కోవూరు పరిసరాలలో, పాత దిబ్బ త్రవ్వినపుడు కొన్ని చేప ఎముకలు లభించాయనుకుందాం. మొదటి కష్టం వాటిని చూడడమే. చేప ఎముకలు చిన్నవి, పెళుసైనవి. మట్టిని సన్నని కన్నుల జల్లెడలో, వీలైతే నీటితో, జల్లించనిదే అవి కంటపడవు. జల్లెడ పట్టని త్రవ్వకాలలో పశువుల ఎముకలే కనబడి, అక్కడివారు చేపలు తినలేదన్న తప్పు అభిప్రాయం కలుగుతుంది.

అన్ని భాగాలూ సమానంగా నిలవవు. వెన్నుపూసలు ఎక్కువగా దొరుకుతాయి, కానీ వాటిని బట్టి కుటుంబమో ప్రజాతియో చెప్పగలరు, జాతి చెప్పడం కష్టం. జెల్ల చేపల రొమ్ము రెక్కకు ఉండే గట్టి రంపపు ముల్లు బాగా నిలుస్తుంది, గుర్తించడమూ తేలిక. సొర, టెంకి చేపలకు ఎముక లేదు, మృదులాస్థియే. అయినా వెన్నుపూసల నడిమి భాగం సున్నం పట్టి గట్టిపడడం చేత అదీ, పళ్ళూ, టెంకి తోక ముల్లూ మిగులుతాయి. గొరస వంటి చేపల తలలో ఉండే చెవిరాయి మరొక మంచి గుర్తు. చెట్టు మానులోని వలయాల వలె దానిలో పొరలుంటాయి. వాటిని లెక్కించి చేప వయస్సును, కొన్ని సందర్భాలలో ఏ కాలంలో పట్టారన్నది కూడా అంచనా వేస్తారు.

దొరికిన ముక్కను నేటి చేప అస్థిపంజరంతో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చడమే గుర్తింపులో అసలు పని. ఇందుకోసం పరిశోధకులు సంతలో చేపలు కొని, ఉడికించి, కండ తీసి, ఎముకలను వరుసగా అమర్చి దాచుకుంటారు. రస్సెల్ పుస్తకంలో అస్థిపంజరాలు లేవు, కనుక ఎముకను నేరుగా దానితో పోల్చలేము. పెద్ద మరపడవలు, ఆనకట్టలు రాక ముందు ఈ తీరంలో ఏ చేపలు వలలో పడేవో చెప్పే నమ్మదగిన జాబితాగా అది ఉపయోగపడుతుంది. సంతలో కొన్న చేపను జాలరి తెలుగులో చెబితే, ఆ పేరును శాస్త్రీయ నామానికి ముడివేసే మొదటి దస్తావేజు కూడా అదే.

ఇటువంటి గుర్తింపు వలన ఎంత తెలుస్తుందో సింధు నాగరికత స్థలాలు చెబుతాయి. కరాచీకి వాయవ్యంగా సముద్ర తీరాన ఉన్న బాలాకోట్‌లో 1970వ దశకపు త్రవ్వకాలలో లభించిన ఎముకలను రిచర్డ్ మెడో పరీక్షించాడు. చేప ఎముకలలో అత్యధికం పొమాడసిస్ ప్రజాతివి, అనగా మన గొరక బంధువులవి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని హరప్పాలో విలియం బెల్చర్ సముద్రపు జెల్లల ఎముకలను గుర్తించాడు. పచ్చి చేప అంత దూరం చెడకుండా చేరదు గనుక ఎండుచేపల వర్తకం జరిగినదని దీనిని బట్టి భావిస్తారు. బెల్చర్ ఎముకలతో సరిపెట్టుకోక నేటి జాలరుల వలలను, ఋతువులను, చేపలు కోసే పద్ధతిని కూడా పరిశీలించాడు. కత్తి గాటు ఎముకపై ఎక్కడ పడుతుందో చేపలు కోసేవారిని చూచి గాని తెలియదు.

బొమ్మ లేని పేరు ఎంత తికమక పెడుతుందో అశోకుని అయిదవ స్తంభ శాసనం చూస్తే అర్థమవుతుంది. అందులో చంపకూడని ప్రాణుల పట్టికలో ఎముకలు లేని చేప అన్నది ఒకటి. అది ఏ చేపయో పండితులు చాలా కాలం తర్కించారు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా పనిచేసిన సుందర్ లాల్ హోరా కూడా ఈ పట్టికలోని చేపలను గుర్తించడానికి ప్రయత్నించాడు. విశాఖపట్నం జాలరి మాటల ప్రక్కన బొమ్మ ఉండడం చేత వాటికి ఆ గతి పట్టలేదు.

చివరి రోజులు

1789 జనవరిలో రస్సెల్ తమ్ముడి కుటుంబంతో కలిసి ఇంగ్లాండు తిరుగు ప్రయాణం కట్టాడు. మద్రాసులో ఇతడి పదవి రాక్స్‌బర్గ్‌కు దక్కింది. అప్పటికి అరవై దాటిన రస్సెల్ వద్ద రెండు ఖండాలలో నలభై ఏళ్ళుగా పోగైన వ్రాతలున్నాయి. మిగిలిన జీవితమంతా వాటిని అచ్చువేయడంలో గడిచింది. 1791లో ప్లేగు గ్రంథం వచ్చింది. అన్న అలెగ్జాండర్ 1756లో ప్రచురించిన అలెప్పో ప్రకృతి చరిత్రను విస్తరించి 1794లో రెండు సంపుటాలుగా వెలువరించాడు. పాముల గ్రంథపు మొదటి సంపుటం 1796లో ఈస్టిండియా కంపెనీ ఖర్చుపై వెలువడింది. రెండవ సంపుటం 1801 నుండి భాగాలుగా వచ్చింది. చేపల గ్రంథం వెలువడిన 1803 నాటికి ఇతడి వయస్సు డెబ్బై ఏడు. విశాఖపట్నం వదలి అప్పటికి పద్నాలుగేళ్ళు.

రస్సెల్ వివాహం చేసుకోలేదు. 1805 జూలై 2న లండనులో మరణించాడు. పాముల గ్రంథపు చివరి భాగం ఇతడి మరణానంతరం 1809లో వెలువడింది.

రస్సెల్ పేరుతో ఉన్న జీవులు

రక్తపింజరి కాక మూడు చేపలకు కూడా ఇతడి పేరు పెట్టారు. వాటిలో ఒకటి 1830లో రూపెల్ పేరుపెట్టిన డెకాప్టెరస్ రస్సెల్లీ. 1831లో బెన్నెట్ ఒక విషపు ముళ్ళ చేపకు టెరోయిస్ రస్సెల్లీ అని, 1849లో బ్లీకర్ ఒక ఎర్రచేప రకానికి లుట్జానస్ రస్సెల్లీ అని నామకరణం చేశారు. 1982లో దత్, సుజాత అనే పరిశోధకులు భారతదేశపు తూర్పు తీరం నుండి కొత్తగా వర్ణించిన ఒక చేపకు సిల్లాగో సొరింగా అని పేరు పెట్టారు. దానికి దగ్గరి చేపను రస్సెల్ తన పుస్తకంలో సోరింగ్ అన్న తెలుగు పేరుతో 179 ఏళ్ళ ముందే వేసి ఉన్నాడు.